పెదవుల ముందు కాగితం

(పసిపిల్లలకు పరభాష నేర్పే ఫోన్ల గురించి నరసరావుపేటలో చేసిన స్మారకోపన్యాసం)

అధ్యక్షులకు, మాస్టారి కుటుంబానికి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు, ఆయన చేతి దెబ్బలు తిన్నవాళ్లకు నమస్కారం. ఈ చివరి రెండు జాబితాల్లోనూ ఉన్నవి అవే పేర్లని నాకు తెలుసు.

నా వెనక బ్యానరు మీద మాస్టారి పేరు పెద్దపెద్ద అక్షరాల్లో ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ ‘మాస్టారు’ అనే అంటాను. ఆయన బతికున్నన్నాళ్లూ ఒక్కసారి కూడా పేరు పెట్టి అనలేదు. ఇప్పుడు అనబోతే నోరు రావడం లేదు.

మా చిన్నప్పుడు ఆరో తరగతికి వస్తేగానీ ఇంగ్లీషు రాలేదు. గురజాల వైపు హైస్కూలు. కింద నాపరాళ్లు, పైన రేకులు. మాస్టారు మొదటిరోజు ఏబీసీడీలు రాయించలేదు. పాత పేపరు తీసి రెండు వేళ్ల వెడల్పున ఒక ముక్క చించారు. ముందు వరసలో కూర్చున్న వాడి పెదవుల ముందు దాన్ని వేలాడదీసి, “పెన్ అనరా” అన్నారు. వాడు అన్నాడు. కాగితం కదల్లేదు. మాస్టారు అదే కాగితాన్ని తన పెదవుల ముందు పెట్టుకుని అన్నారు. కాగితం ఎగిరింది. “చూశావా? నీ పెన్ను తెల్లోడి చెవికి బెన్నని వినపడుద్ది. గాలి వదలాలిరా.” ఆ రోజు క్లాసులో అరవై కాగితం ముక్కలు లేచాయి, పడ్డాయి. సాయంత్రం ఇంటికి పోయి అమ్మ పెదవుల ముందు కూడా పెట్టాను. ఆమె “పప్పేసుకో” అంది. కాగితం చెక్కుచెదరలేదు. “ముందు కంచంలోకి చూడు” అని రెండో మాట కూడా అంది. అప్పుడూ కదల్లేదు.

తర్వాత నేను ముప్పయ్యేళ్లకు పైగా ఇంగ్లీషు చెప్పాను. ధ్వనిశాస్త్రం పుస్తకాలు చదివాను. ఆ కాగితం చెప్పినదాని కంటే సూటిగా అవి చెప్పింది లేదు. తెలుగు ‘ప’లో ఊపిరి బయటికి రాదు. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే ‘ప’ ఊపిరితో కలిసి వస్తుంది. మనకు ‘ఫ’ అనే అక్షరం ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఫలం అన్నప్పుడు కింది పెదవిని పళ్లకు ఆనించి, దాన్ని ఎప్పుడో ‘ఎఫ్’ చేసేశాం. వ్యాకరణం ఒప్పుకోదు గానీ నోళ్లు ఒప్పుకున్నాయి.

ఇక ఫోను దగ్గరికి వస్తాను.

మా అమ్మాయి వాళ్లది మాచర్ల. మనవరాలికి ఆరేళ్లు. పోయిన ఎండాకాలం అక్కడ పది రోజులున్నాను. “నాన్నా, మీరు చెప్పక్కర్లేదు, యాప్‌లో బాగా నేర్చుకుంటోంది” అంది అమ్మాయి. యాప్ పేరు చెప్పను. అలాంటివి వందలున్నాయి. పక్కన కూర్చుని చూశాను. తెర మీద నాలుగు పళ్ల బొమ్మలు. ఒక ఆడగొంతు ‘పేర్’ అంటుంది. పిల్ల ఒకటి నొక్కుతుంది. తప్పయితే బొమ్మ గజగజ ఊగుతుంది. ఇంకోటి నొక్కుతుంది. ఒప్పయితే ‘టింగ్’మని నక్షత్రం. ఒక పాఠానికి పది నక్షత్రాలు. మా పిల్ల ఒకటిన్నర నిమిషంలో పదీ తెచ్చేసుకుంది. నేను మురిసిపోయాను.

కాసేపటికి ఎందుకో అనుమానమొచ్చింది. మెల్లగా ఫోను గొంతు పూర్తిగా తగ్గించేశాను. పిల్ల గమనించలేదు. నక్షత్రాలు అంతే వేగంగా వచ్చిపడుతున్నాయి. నాలుగు బొమ్మలున్నప్పుడు నాలుగు నొక్కుళ్లలో నక్షత్రం ఖాయం. తప్పు నొక్కితే పోయేదేమీ లేదు. ఆ లెక్క మా పిల్ల యాప్ పెట్టిన మొదటిరోజే కట్టేసింది. నేర్చుకోలేదని అనను. నేర్చుకుంది, కాకపోతే ఇంగ్లీషు కాదు, ఆ యాప్‌ని.

తర్వాత పాఠం పలకడం. బొమ్మ చారల గుర్రం. పిల్ల ‘జీబ్రా’ అంది. ‘ట్రై అగైన్’ అంది ఫోను. గట్టిగా అంది. ‘ట్రై అగైన్.’ లేచి నిలబడి అరిచింది. ఇంతలో వీధిలోకి ఉల్లిపాయల ఆటో వచ్చింది. దాని మైకు “వందకి నాలుగు కేజీలో” అని దీర్ఘం తీసింది. ఫోను దాన్ని విని ‘వెరీ గుడ్’ అని మూడు నక్షత్రాలు ఇచ్చింది. పిల్ల నా వైపు చూసింది. నేను ఆటో వైపు చూశాను.

ఇది చెప్పి నవ్వించి, యాప్‌లను తిట్టి దిగిపోవడం నా ఉద్దేశం కాదు. ఈ పరికరాల పుట్టుకలో మంచి బుద్ధి ఉంది. డుయోలింగోనే తీసుకోండి. గ్వాటెమాలాలో పుట్టిన లూయీ ఫాన్ ఆన్, ఆయన దగ్గర చదువుకున్న సెవరిన్ హాకర్ అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో దాన్ని మొదలుపెట్టారు. 2012లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇంగ్లీషు వస్తే బతుకు మారే దేశంలో అది నేర్చుకోవడానికి డబ్బు లేనివాళ్లను చూసి పెరిగానని, అందుకే ఉచితంగా పెట్టానని ఫాన్ ఆన్ చెబుతుంటారు. ఆ మాట పల్నాడు వాడికి అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? తెలుగులోంచి ఇంగ్లీషు నేర్చుకునే కోర్సు కూడా అందులో ఉంది. దాని గుర్తు మాత్రం పచ్చటి గుడ్లగూబ. గూబ ఇంటి మీద వాలితే శాంతి చేయించే ఊళ్లలో అది రోజూ ఫోన్లోకి వచ్చి పాఠం చదివావా అని అడుగుతోంది. కాలం మారిందనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

గూగుల్ 2019లో ‘బోలో’ అని ఒకటి తెచ్చింది. తర్వాత దాని పేరు ‘రీడ్ అలాంగ్’గా మారింది. పిల్ల పైకి చదువుతుంటే ‘దియా’ అనే బొమ్మ విని, తడబడిన మాట దగ్గర సాయం చేసేది. తెలుగు కథలు కూడా చేర్చారు. ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేసేది. చదవడం వచ్చీరాని పిల్లకు పక్కన ఒక చెవి ఉండటం చిన్న విషయం కాదు. మాస్టారి క్లాసులో అరవై మందిమి. ఒక్కొక్కరు పైకి చదివే వంతు వారానికి ఒకసారి వస్తే గొప్ప.

యంత్రం నోరు తిప్పగలదనడానికి మన హైదరాబాదులోనే ఒక రుజువు ఉంది. గోడకు కంప్యూటరు బిగించి వీధిపిల్లలకు వదిలేసిన సుగతా మిత్రా పేరు వినే ఉంటారు. ఆయన, జేమ్స్ టూలీ మరికొందరితో కలిసి హైదరాబాదులో పేదపిల్లలు చదివే ఒక ప్రైవేటు బడిలో 16 మందికి కంప్యూటరు ఇచ్చారు. మాట చెబితే అక్షరాల్లో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. చూడటానికి కొన్ని ఇంగ్లీషు సినిమాలు పెట్టారు. టీచరు లేడు. నువ్వు చెప్పింది యంత్రానికి అర్థమయ్యేదాకా మాట్లాడు, అంతే పాఠం. ఐదు నెలల్లో పిల్లల ఉచ్చారణ స్పష్టంగా మెరుగుపడిందని 2003లో ప్రచురించారు. దీన్ని పట్టుకుని “చూశారా, టీచరు అక్కర్లేదు” అన్నవాళ్లున్నారు. నాకు అందులో కనిపించింది వేరు. ఆ పిల్లలు పన్నెండేళ్లు దాటినవాళ్లు. గుంపుకు నలుగురు చొప్పున కూర్చున్నారు. ఒకడు మాట్లాడితే ముగ్గురు వింటారు, నవ్వుతారు, “అట్టా కాదురా, ఇట్టా” అంటారు. యంత్రం తప్పని చెబితే ఎందుకు తప్పో పక్కవాడు చెప్పాడు. మాచర్లలో మా పిల్లకు పక్కవాడు లేడు. ఉన్నది ఉల్లిపాయల ఆటో.

మరి ఇంకా చిన్నపిల్లల మాటేమిటి? ఇక్కడ కొంచెం నిలబడతాను, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. “లేత మెదడు, ఏ భాషయినా పట్టేస్తుంది, ఇప్పుడే పెట్టెయ్యండి” అంటుంది ప్రకటన. మొదటి సగం నిజం. 1984లో కెనడాకు చెందిన జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ ఒక పరిశోధన ప్రకటించారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసికందులకు హిందీలోని ట, త వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ రెంటికీ తేడా పట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామంది పట్టలేకపోయారు. అంటే మనకు పుట్టుకతో వచ్చిందనుకునే ట-తల తేడా తెల్లవాళ్ల పిల్లలకూ పుట్టుకతోనే ఉంది. చుట్టూ ఆ శబ్దం లేక పోగొట్టుకుంటున్నారు.

అయితే ఆ వయసులోనే వినిపిస్తే నిలుస్తుందా? 2003లో సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ బృందం చూసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ మాట్లాడే మనుషులను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. బొమ్మలు చూపిస్తూ, పుస్తకం చదువుతూ ఒక్కో విడత 25 నిమిషాలు, మొత్తం 12 విడతలు. ఆ పిల్లలు మాండరిన్ శబ్దాల తేడాను మాండరిన్ ఇళ్లలో పెరిగే పిల్లల్లాగే పట్టారు. ఇంకో జట్టు పిల్లలకు అదే మనుషులను, అవే మాటలను టీవీలో చూపించారు. వేరే జట్టుకు గొంతు మాత్రమే వినిపించారు. ఈ రెండు జట్లకూ ఒక్క ముక్క అంటలేదు. మాండరిన్ అసలు వినని పిల్లలెట్లా ఉన్నారో వీళ్లూ అట్లాగే ఉన్నారు.

మన పెద్దవాళ్లు చంటిపిల్లతో మాట్లాడేటప్పుడు దాని ముఖంలోకి ముఖం పెట్టి మాట్లాడతారు. పిల్ల ఎటు చూస్తే ఆ వస్తువు పేరే చెబుతారు. పిల్ల ‘ఊఁ’ అంటే ‘ఊఁ’ అంటారు. తెర ఎటూ చూడదు. పిల్ల కిటికీలో కాకిని చూస్తున్నా అది యాపిల్ అనే చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దే వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించొద్దు, తగ్గితే ఇంకా మంచిదంది. దీనికి నిద్ర, ఒళ్లు కదలకపోవడం వంటి కారణాలున్నాయి. భాష సంగతి నేను కలుపుతున్నాను.

అసలు పరభాష పల్నాడుకు కొత్తా? మాచర్లకు అవతల నాగార్జునకొండలో మూడో శతాబ్దం నాటి ఇక్ష్వాకుల కాలంలో సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక చెక్కించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనం, యవనం, తామ్రపర్ణి దీవి వరసగా కనిపిస్తాయి. ఇన్ని దేశాల పేర్లు ఒక రాతి మీదికి ఎక్కిన చోట ఎన్ని యాసలు వినిపించి ఉంటాయో ఊహించుకోండి. అంత దూరం ఎందుకు, గురజాలకే రండి. జర్మనీలో పుట్టి, అమెరికాలో పాదిరీగా పనిచేసిన ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చారు. అప్పటికి ఆయనకు యాభై దగ్గర పడ్డాయి. 1849లో మకాం గురజాలకు మార్చారు. తెలుగు ఆయనకు ముక్కుతూ మూలుగుతూ వచ్చి ఉంటుందని నా ఊహ. ఆ వయసులో ఎవరికైనా అంతే. కానీ మాట్లాడక తప్పని ఊళ్లో ఉన్నారు. నీళ్లడగాలన్నా తెలుగే, బండి కట్టించాలన్నా తెలుగే.

ఇప్పుడు పల్నాడు ఇంట్లో ఫోను ఎక్కడుంటుందో చూద్దాం. మిర్చి కోతల కాలంలో పొద్దున ఆరింటికే నాన్న జేబులో చేలోకి పోతుంది. పిడుగురాళ్ల వైపయితే సున్నం బట్టీలకు పోతుంది. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి చార్జింగు ఉండదు, ఉంటే డేటా ఉండదు, రెండూ ఉంటే పిల్ల నిద్రకు తూలుతుంటుంది. ప్రభుత్వం ట్యాబులివ్వడం వెనక ఈ ఆలోచన ఉండే ఉంటుంది. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు, వాటిలో బైజూస్ పాఠాలు. 2023లో మూడో తరగతి నుంచే టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష అన్నారు. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ ఆగింది. అదే ఏడాది బైజూస్ దివాలా కేసులో చిక్కుకుంది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అనే గొడవలోకి నేను దిగను. ఈ సభలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు, నాకు భోజనం చేసి వెళ్లాలని ఉంది. ఒక్కటే అంటాను: మూడేళ్లు తిరగకుండానే పాఠం మారిపోయింది. మాస్టారు ఒక్క బడిలో ఇరవై రెండేళ్లున్నారు.

ఈ యాప్‌లలో నాకు కనిపించే అసలు లోటు డబ్బుదీ కాదు, డేటాదీ కాదు. వాటికి తెలుగు నోరు తెలియదు. అక్షరాలు తెలుసు, మెనూలన్నీ తెలుగులో వస్తాయి. ఈ పిల్ల నోట్లో ఇప్పటికే ఏముందో తెలియదు.

మా పిల్లను ఏడిపించిన జీబ్రానే చూడండి. తెలుగువాడికి జెడ్ రాదంటారు. జడ అనండి. జామ అనండి. తర్వాత జయం అనండి. రెండు ‘జ’లూ ఒకటేనా? జడలో ‘జ’ పళ్ల దగ్గర పుడుతుంది, జయంలోది వెనక అంగిట్లో. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువులో ఆ పళ్ల దగ్గరి జకారానికి ప్రత్యేకంగా గుర్తు పెట్టారు. మన వాచకాలే దాన్ని మరిచాయి. ఆ ‘జ’ను కాస్త సాగదీస్తే జెడ్ వచ్చేస్తుంది. జొన్నలోనూ అదే ‘జ’. పల్నాటి జొన్నకూటి మీద శ్రీనాథుడు అంత విసుక్కున్నాడని చాటువులు చెప్పుకుంటాం కదా, ఆయన విసుక్కున్న గింజలోనే ఇంగ్లీషు జెడ్ ఉంది! మాచర్లలో ఆ సాయంత్రం పిల్లను పిలిచి, “జీబ్రా వద్దు గానీ జొన్న అనమ్మా” అన్నాను. అంది. “ఆ ‘జ’ని పట్టుకుని ‘జ్‌జ్‌జ్’ అని తుమ్మెదలా లాగు” అన్నాను. లాగింది. “ఇప్పుడు ఈబ్రా అతికించు.” అతికించింది. తర్వాత ఫోను దగ్గరికి పోయి అంది. మొదటిసారికే నక్షత్రం. ఆటో లేదు, నేనే సాక్షిని.

అలాగే బ్యాట్, క్యాట్, యాపిల్. ఆ అచ్చు తెలుగులో లేదనీ, అందుకే ‘య’ వత్తు పెట్టుకుంటున్నామనీ అంటారు. రాతలో లేదు, నిజమే. “అన్న వచ్చాడు” అనండి. ఆ ‘చ్చా’ దగ్గర ఆగండి. ‘చాప’లో ఉన్న ‘ఆ’నా అది? కాదు. అదే క్యాట్‌లో అచ్చు. మన అమ్మలు రోజూ వంద సార్లు పలికే అచ్చు. వచ్చాడు, తిన్నాడు, పోయాడు. పిల్ల నోట్లో అది మూడో ఏటికే ఉంది. పిట్స్‌బర్గ్‌లోనో బెంగళూరులోనో కూర్చుని పాఠం తయారుచేసినవాళ్లు దీన్ని సున్నా నుంచి నేర్పుతారు. కొందరు టీచర్లూ అంతే. ‘నీకు రాదు’ అని మొదలుపెట్టి, ఉన్నదాన్నే మళ్లీ అమ్ముతారు. మాస్టారు మొదట ‘నీకేముంది’ అని చూసేవారు. కాగితం అందుకే.

యాప్ వింటుంది. ఈ మధ్య బాగానే వింటోంది. కానీ పెదవులను చూడదు. బనీను వెస్ట్, పడమర వెస్ట్ అన్న రెండు మాటల్లో ఒకదానికి పళ్లు పెదవికి తగలాలి, ఇంకోదానికి పెదవులు సున్నా చుట్టాలి. మనకున్న ‘వ’ ఈ రెంటికీ మధ్య ఉంటుంది. ‘తప్పు’ అనడం యంత్రానికి వచ్చు. “కింది పెదవి కొరుకు” అనడానికి ఎదురుగా ఒక ముఖం కావాలి.

అందుకని మా అమ్మాయికి నేను చెప్పింది ఇంతే: ఫోను తీసెయ్యకు. ఒంటరిగా ఇవ్వకు. పక్కింటి పిల్లను పిలిచి ఇద్దరికీ ఒక్క ఫోనే ఇవ్వు, కొట్టుకోనీ. పావుగంట చాలు. తర్వాత ఫోను పక్కన పెట్టి, అందులో విన్న మాటతో ఇంట్లో ఏదైనా అడగమను. ‘వాటర్’ అన్నప్పుడే నీళ్లివ్వు. దాని తమ్ముడి జోలికి మాత్రం ఆ యాప్‌ను రానివ్వకు, వాడికి కథ చెప్పు, తెలుగులో. “మీకు ఫోనంటే పడదు నాన్నా” అంది అమ్మాయి. పడకపోవడమేం, దాంట్లోనే నాకు నచ్చిన యాప్ ఒకటుంది. అది చెప్పి ముగిస్తాను.

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. వాడి కూతురికి ఐదేళ్లు. దానికి తెలుగే పరభాష. అక్కడ సిలికానాంధ్ర వాళ్లు 2007 నుంచి మనబడి నడుపుతున్నారు, వచ్చే ఏడు చేరుస్తానన్నాడు. ఈలోపు వీడియో కాల్. అమెరికాలో 2014లో రోజ్‌బెరీ, హర్ష్-పాసెక్, గోలింకాఫ్ ప్రచురించిన పరిశోధన ఒకటుంది. రెండు, రెండున్నర ఏళ్ల పిల్లలకు కొత్త క్రియాపదాలను ఎదురుగా కూర్చుని కొందరికి, వీడియో కాల్‌లో కొందరికి, ముందే రికార్డు చేసిన వీడియోలో కొందరికి నేర్పారు. ఎదుట కూర్చున్న పిల్లలు నేర్చుకున్నారు, కాల్‌లో పిల్లలూ నేర్చుకున్నారు. రికార్డు చూసిన పిల్లలకు రాలేదు. కాల్‌లోనూ రికార్డులోనూ తెర ఒకటే. కాల్‌లో అవతల ఉన్నది మాత్రం పిల్ల మాటకు బదులిచ్చే మనిషి.

మాచర్లలో ఉండగా ఒక ఆదివారం పొద్దున కాల్ కలిపాం. వరసకు వదినా మరదళ్లు ఇద్దరూ తెరకు ఇటొకరు, అటొకరు. నేను ఈనాడు ఆదివారం అనుబంధంలోంచి ఒక ముక్క చించాను. అక్కడ మా కోడలు టిష్యూ చించింది. “పెన్ అను” అన్నాను. డాలస్‌లో టిష్యూ ఎగిరింది. మాచర్లలో ఈనాడు కదల్లేదు. డాలస్ పిల్ల పగలబడి నవ్వింది. “బ్లో, బ్లో” అని ఊది చూపించింది. మా పిల్ల మూడు సార్లు ప్రయత్నించింది. నాలుగోసారి కాగితం లేచింది. పిల్ల కూడా లేచి గంతులేసింది.

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తెర ముందు కూర్చుంది. “ఇప్పుడు పప్పు అనవే, కాగితం కదలకూడదు” అంది. డాలస్ పిల్ల టిష్యూ పట్టుకుంది. “పప్పు” అంది. టిష్యూ ఎగిరింది. మళ్లీ అంది. మళ్లీ ఎగిరింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అంది. అంచులు రెపరెపలాడాయి. ఇవతల వదిన మోకాళ్ల మీద కూర్చుని, తెరకు ముక్కు ఆనించి, “గాలి మింగెయ్యవే మరదలా, మింగెయ్” అంటోంది.